బురుల్ కొట్లో అమానతు

సరస్సు ఒడ్డునున్న బలిక్చి ఊళ్లో గాలికి సిగ్గూ ఎగ్గూ ఉండవు. పడమటి లోయలోంచి బయల్దేరి సరస్సు మీద పడిందంటే బజారులో ఒక్క రేకు నిలకడగా ఉండదు, ఒక్క మనిషి నెత్తి మీద టోపీ ఉండదు. ఆ గాలికి తలుపు కొట్టుకోకుండా బురుల్ తన జిరాక్స్ కొట్టు గడప దగ్గర ఒక పెద్ద ఇనప తాళంచెవుల గుత్తి అడ్డం పెట్టేది. ఆ చెవులకు తాళాలు లేవు, ఆ తాళాలకు తలుపులు లేవు, ఆ తలుపులకు ఇప్పుడు గోడలు కూడా లేవు.

అవి ఓడరేవు గోదాములవి. చదువు అయిపోగానే బురుల్ రేవు ఆఫీసులో గుమాస్తాగా చేరింది. ఆ రోజుల్లో సరస్సు మీద ఓడలు తిరిగేవి. ఈ ఒడ్డున బొగ్గు ఎక్కించుకుని ఆ ఒడ్డున దించి, వచ్చేటప్పుడు ఉన్ని తెచ్చేవి. ఆమె కుర్చీ వెనక గోడకు తాళంచెవుల పలక ఉండేది. ఏ చెవి ఎవరి దగ్గరుందో అడగ్గానే చెప్పేది. తర్వాత పెద్ద దేశం ముక్కలైంది. ఓడలు ఆగాయి, వాటి వెనకే జీతాలూ ఆగాయి. కిటికీలు, ఫ్యాన్లు, కుర్చీలు, ఎవరికి దొరికింది వాళ్లు పట్టుకుపోయారు. బురుల్ తాళంచెవులు పట్టుకుపోయింది. రేపెవరైనా వచ్చి అడిగితే ఇవ్వాలి కదా అని. ఎవరూ రాలేదు. ఆమె మొగుడు బతికున్నన్నాళ్లూ చుట్టాల ముందు ఈ సంగతి ఎత్తేవాడు. "అందరి పెళ్లాలూ నగలు దాచుకుంటారు, నా పెళ్లాం సర్కారువారి తుప్పు దాచుకుంది" అని నవ్వించేవాడు. బురుల్ నవ్వేది కాదు, గుత్తిని నూనెగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టెలో పెట్టేది.

మొగుడు పోయాక బజారు చివర ఈ కొట్టు పెట్టుకుంది. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, వాటికన్నా ఎక్కువగా చనిపోయినవాళ్ల ఫొటోలు. ఖబరస్తాన్‌లో నల్లరాతి మీద మనిషి ముఖం చెక్కించాలంటే రాయి చెక్కేవాడికి ముందు మంచి ఫొటో కావాలి. జనం తెచ్చేవి మంచివి ఎక్కడుంటాయి? పెళ్లి గుంపులోంచి కత్తిరించిన ముఖం, డ్రైవింగ్ లైసెన్సు మీద గీతలు పడిన ముఖం. బురుల్ వాటికి ముడతలు తీసేది, టోపీ నీడ తుడిచేది, పెద్దమనిషి కదా అని మెడకు టై కట్టేది. బతికుండగా మెడకు మఫ్లరు తప్ప ఎరగని గొర్రెల కాపరులు ఆ ఊరి ఖబరస్తాన్‌లో మంత్రుల్లా టైలు కట్టుకుని నిలబడి ఉన్నారంటే అది ఆమె చలవే.

కొట్టుకు ఇంటర్నెట్ వచ్చాక ఇంకో పని నెత్తిన పడింది. పింఛను దరఖాస్తు, రష్యా ప్రయాణానికి టికెట్టు, ఆస్పత్రిలో వరస, అన్నీ కంప్యూటర్లోనే అన్నారు. బురుల్ అందరికీ పేజీలు తెరిచి, పాస్‌వర్డులు చీటీ మీద రాసి ఇచ్చేది. వారం తిరక్కుండా వాళ్లు ఆ చీటీలో పొద్దుతిరుగుడు గింజలు పొట్లం కట్టుకుని, మళ్లీ వచ్చి తల గోక్కునేవాళ్లు. చివరికి చీటీ తీసుకోవడమే మానేశారు. "మా దగ్గరెందుకక్కా, నీ దగ్గరే ఉండనీ, అమానతు" అనేవారు.

అమానతు అంటే నమ్మి అప్పగించిన సొత్తు, ఆ మాట అన్నాక కాదనే వీల్లేదు. వేసవిలో మందలు తోలుకుని కొండ మీదికి వెళ్లేవాళ్లు ఇంటి తాళంచెవి పక్కింట్లో ఇచ్చి వెళ్తారు. ఇచ్చినవాడు లోపల ఏముందో చెప్పడు, పుచ్చుకున్నవాడు తలుపు తీసి చూడడు. ఇంటివాడు లేకుండా ఆ గడప దాటడమంటే దొంగతనం కింద లెక్క. ఒకవేళ చెవి పోగొడితే తన కాళ్లతో తనే వెళ్లి చెప్పుకోవాలి. ఇంకొకరి నోట వినబడిందా, ఆ మనిషికి ఊళ్లో మరెవ్వరూ టీ పొయ్యరు.

బురుల్ ఈ పద్ధతిలో పెరిగిన మనిషి. పాస్‌వర్డ్ కొట్టినప్పుడల్లా బ్రౌజర్ "గుర్తుంచుకోమంటారా?" అని మర్యాదగా అడిగేది, ఆమె అవునని నొక్కేది. గోడ మీద పలకకు ఇంకో తాళంచెవి తగిలించినట్టే అనుకుంది. అలా ఒక్కొక్కటే చేరి, సగం బజారు ఆ ఒక్క బ్రౌజర్లోకి వచ్చి కూర్చుంది. అది తెలివితక్కువ పనని ఇప్పుడు ప్రతివాడూ అంటాడు. అప్పుడు అన్నవాడు ఒక్కడూ లేడు.

వాళ్లలో సోనున్ ఒకతె. దారి పక్కన తీగకు పొగబెట్టిన చేపలు వేలాడదీసి, వచ్చేపోయే కార్లవాళ్లకు అమ్మేది. ఒక్కగానొక్క కొడుకు మెదెర్ రష్యాకు కట్టడాల పనికి వెళ్లేముందు బురుల్ కొట్లోనే కబుర్లు పంపుకునే పేజీ ఒకటి తెరిచాడు. అమ్మకూ ఒకటి తెరవమన్నాడు. సోనున్ ఒప్పుకోలేదు.

"మాకు ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. పేజీలు రెండెందుకు? వేరుపడ్డామా ఏంటి?" అంది.

కాబట్టి తల్లీకొడుకులిద్దరూ ఒకే పేజీలో ఉన్నారు. వాడు అక్కడ తన మాటలు రికార్డు చేసి తన పేజీలోనే తనకు తాను పంపుకునేవాడు. ఇక్కడ సోనున్ కొట్టుకు వచ్చి, చేతులకంటిన చేపల పొగ వాసన పోయేదాకా తుడుచుకుని, స్టూలు మీద కూర్చుని వినేది. ఆ పేజీలోనే జవాబు చెప్పేది. ఆమె చేతిలో ఉన్నది మీటలు నొక్కే పాత ఫోను. మెదెర్ గొంతు ఉన్న చోటు లోకం మొత్తం మీద ఆ పేజీ ఒక్కటే.

కిందటి ఏడాది శరత్కాలంలో మెదెర్ కడుతున్న మేడ మీంచి పడిపోయాడు. శవం రేకు పెట్టెలో వచ్చింది. చుట్టూ అతుకు పెట్టేశారు, తెరవొద్దని కాగితం అంటించారు. ఊళ్లో చావుకబురు మొహాన కొట్టినట్టు చెప్పరు. పెద్దవాళ్లు నలుగురు వెళ్లి కూర్చుంటారు, పెద్ద తలకాయ ఒక కథ ఎత్తుకుంటాడు. ఆ రోజు సాతార్ పెద్దాయన సోనున్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒకాయన ముద్దుగా పెంచిన డేగ తాడు తెంపుకుని పోయిందట, అతన్ని ఏమని ఓదార్చాలి తల్లీ, అని అడిగాడు. ఎగిరిపోయినదాన్ని ఎవరు తేగలరు, ఓర్చుకోమనండి, అని సోనున్ అంది. అన్నాక అందరి మొహాలూ చూసింది. తన తీర్పు తనకే అని అప్పుడు తెలిసింది.

అప్పటినుంచీ ప్రతి శుక్రవారం ఆమె నూనె కాచి పిండిముక్కలు వేయించేది. ఆ వాసన పోయినవాళ్లకు చేరుతుందంటారు. వాటిని గుడ్డలో మూట కట్టుకుని కొట్టుకు వచ్చేది. బురుల్ పేజీ తెరిచేది. ఇద్దరూ టీ తాగుతూ మెదెర్ గొంతు వినేవాళ్లు. సోనున్ లేనప్పుడు బురుల్ ఆ పేజీ తెరిచిన పాపాన పోలేదు.

సంవత్సరీకం దగ్గరపడింది. ఆలోగా రాయి నిలబెట్టాలి. సోనున్ దగ్గరున్న ఫొటో ఒక్కటే, పనిస్థలంలో పదిమంది మధ్య నవ్వుతున్న మెదెర్, బొటనవేలి గోరంత. బురుల్ దాన్ని పెద్దది చేసి రాయి చెక్కే కపార్ దగ్గరికి పట్టుకెళ్లింది. అతను వెలుతురులో పెట్టి చూసి వెనక్కిచ్చేశాడు.

"ఇందులో కళ్లెక్కడున్నాయి బురులక్కా? మైదాపిండి చెక్కమంటావా?" అన్నాడు.

బురుల్‌కు రోషమొచ్చింది. రోషం కన్నా ఎక్కువగా భయమేసింది. పెట్టె తెరవనివ్వలేదు కాబట్టి సోనున్ కొడుకు ముఖం ఆఖరిసారి చూడలేదు. రాయి మీదైనా చూడకపోతే ఎలా? మసక ముఖాల్ని తేటచేసే ప్రోగ్రాం ఒకటుందని విన్నది. కొనేంత స్తోమత లేదు. వెతికితే ఊరికే ఇస్తామన్నవాళ్లు దొరికారు. ఊరికే వస్తే ఎవరికి చేదు? కింద రష్యన్ భాషలో ఒక సలహా కూడా రాసిపెట్టారు, ముందు మీ కంప్యూటర్లో కాపలా ప్రోగ్రాం ఆపేయండి, లేకపోతే ఇది ఎక్కదు అని. కాపలా కుక్కను కట్టేసి రమ్మన్న చుట్టం ఎలాంటివాడో ఆలోచించాల్సింది. ఆమె ఆలోచించలేదు. ఆపేసింది, ఎక్కించింది.

ఒక నల్లని కిటికీ తెర మీద మెరిసి మాయమైంది. తర్వాత ప్రోగ్రాం తెరుచుకుంది, చెప్పినట్టే పనిచేసింది. మసకలోంచి మెదెర్ కనుబొమలు వచ్చాయి, కళ్లు వచ్చాయి, పెదవి చివర చిన్నప్పటి గాటు కూడా వచ్చింది. బురుల్ కుర్చీలో వెనక్కి వాలి ఏడ్చింది. కపార్ ఫొటో చూసి ఈసారి ఏమీ అనలేదు, ఉలి తీసుకున్నాడు.

మర్నాడు పొద్దున కంప్యూటర్ పెట్టేసరికి ఆమె సొంత ఈమెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ మార్చారంది. ఎవరు మార్చారు? పక్క వరసలో ఫోన్లు బాగుచేసే ఇస్కాక్‌ను పిలిచింది. నలభై దాటిన మనిషి, మాటకు ముందు నిట్టూర్పు వదిలే రకం. అతను కూర్చుని, ఏం ఎక్కించావో చూపించమన్నాడు. చూసి ఇంటర్నెట్ తీగ పీకేశాడు.

"ఇదేం రోగం? వైరస్సా?" అని బురుల్ అడిగింది.

"రోగమైతే ఒంట్లో ఉండేది. ఇది దొంగ. కన్నం వేశాడు, బ్రౌజర్లో దాచిన పాస్‌వర్డులన్నీ మూట కట్టుకున్నాడు, పోయాడు. కన్ను మూసి తెరిచేంత పని. ఇప్పుడు మెషీన్ ఎంత కడిగినా పోయిన మూట తిరిగి రాదు."

"అన్నీనా?"

"ఒకటి వదిలి ఇంకోటి తీసుకోడక్కా వాడు. అన్నీ."

బురుల్ తాళంచెవుల గుత్తి వైపు చూసింది. ఇస్కాక్ ఏం చెయ్యాలో చెప్పాడు. ఎవరి పేజీలు వాళ్లు తమ ఫోన్లలోంచి ఇప్పుడే మార్చుకోవాలి, ఫోనుకు కోడ్ వస్తుంది, ఫరవాలేదు. ఒక్క మెదెర్ పేజీ దగ్గర చిక్కుంది. కొత్త చోటు నుంచి తెరిస్తే కోడ్ మెదెర్ నంబరుకు వెళ్తుంది, ఆ నంబరు ఇప్పుడు లేదు. ఈ కంప్యూటర్లో మాత్రం పేజీ ఇంకా తెరిచే ఉంది. ఆ తెరిచి ఉన్న గుర్తును కూడా దొంగ ఎత్తుకుపోయాడు కాబట్టి వాడికి ఏ కోడూ అక్కర్లేదు.

"ఒక్కసారి తీగ పెడతా, ఆ గొంతులన్నీ దించేసుకుందాం. వాడు నిన్ను బయటికి నెట్టకముందే. ఇప్పుడే చెయ్యాలక్కా," అన్నాడు ఇస్కాక్.

బురుల్ వద్దంది. సోనున్ లేకుండా ఆ గడప దాటనంది. అయితే సోనున్‌ను పిలవమన్నాడతను. పిలిస్తే సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో విందుకు కోసే గుర్రాన్ని తెచ్చి కట్టేశారు, గుడారం వేస్తున్నారు, కాగులు తోముతున్నారు. సంవత్సరీకం పెట్టుకున్న ఇంటికి చెడుకబురు మోసుకెళ్లకూడదు. అది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, కానీ ఆ ఊళ్లో శత్రువు కూడా దాన్ని దాటడు. ఉన్నవి మూడు రోజులే, అవి గడవనీ, తనే వెళ్లి కాళ్లమీద పడతానంది బురుల్. ఇస్కాక్ మళ్లీ నిట్టూర్చాడు. ఆమె పద్ధతి తప్పని అతనూ అనలేకపోయాడు, అతనూ ఆ ఊరివాడేగా.

ఆ రోజే కొట్టుకు తాళం వేసి ఇల్లిల్లూ తిరిగింది. గాలికి తలగుడ్డ ఎగిరిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని ప్రతి గడపలోనూ ఒకే మాట చెప్పింది, మీ అమానతు నా దగ్గర పోయింది, పాస్‌వర్డ్ మార్చుకోండి అని. కొందరు మొహం ముడుచుకున్నారు. ఒకావిడ, ఫొటోల్లో ముడతలు కనబడే కంటికి దొంగ కనబడలేదా అని దెప్పింది. టీ మాత్రం అందరూ పోశారు. సాతార్ పెద్దాయన పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా పింఛను పేజీ ఎత్తుకుపోయాడా? పాపం వాడెవడో. ఈసారొస్తే నా మోకాళ్ల నొప్పి కూడా పట్టుకుపొమ్మని చెప్పు," అన్నాడు. నవ్వు ఆగాక, "సోనున్‌కు చెప్పావా?" అని అడిగాడు.

సంవత్సరీకం అయ్యాక చెప్తానంది బురుల్. మంచిపని, అన్నాడు పెద్దాయన. తర్వాత అతను చాలాసార్లు ఆ మాట తలుచుకుని బాధపడ్డాడు.

సంవత్సరీకం రోజు పొద్దున్నే ఖబరస్తాన్‌లో రాయి నిలబెట్టారు. కపార్ తడిగుడ్డతో దుమ్ము తుడిచేసరికి నల్లరాతిలోంచి మెదెర్ చూశాడు. సోనున్ రాతి మీద చెయ్యి పెట్టింది, పెదవి చివర గాటు మీద వేలు ఆనించింది. "వీడే," అంది. వెనక నిలబడ్డ బురుల్‌ను చెయ్యి పట్టి ముందుకు లాగి, అందరి ముందూ ఆమె నుదురు ముద్దు పెట్టుకుంది. బురుల్‌కు భూమి చీలితే బాగుండుననిపించింది.

మధ్యాహ్నం గుడారాల్లో బంతులు కూర్చున్నాయి. ఖురాను చదివించారు. మాంసం పళ్లాలు వస్తుండగా ఒక ఫోను మోగింది. వెంటనే ఇంకోటి, తర్వాత నాలుగైదు ఒక్కసారే. మెదెర్‌తో కలిసి చదువుకున్నవాళ్లు, కలిసి పనిచేసినవాళ్లు ఫోన్లు తీసి చూసి, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఫోన్లు జేబుల్లో దాచేశారు. ఫోను దాచుకోవాలని తెలియని ఒక కొత్త కోడలు మాత్రం, మెదెర్ బావ రాశాడు, అని పైకే అనేసింది.

సోనున్ పళ్లెం కింద పెట్టి ఆ పిల్ల చేతిలోంచి ఫోను తీసుకుంది. చదవడం రాక కాదు, కళ్లజోడు లేక, చదివి వినిపించమంది. ఆ పిల్ల చదివింది. నేను ఆస్పత్రిలో ఉన్నాను, ఎవరికీ చెప్పొద్దు, ఆపరేషనుకు డబ్బు కావాలి, ఈ కార్డుకు పంపండి, అని ఉంది. పైన మెదెర్ బొమ్మ. బొమ్మ పక్కన పచ్చచుక్క.

"ఈ పచ్చచుక్క ఏంటి?" అని సోనున్ అడిగింది.

ఆ మనిషి ఇప్పుడు అక్కడ ఉన్నాడని అర్థం, అని ఎవరో చెప్పారు. చెప్పకుండా ఉంటే బాగుండేది.

"నేను వాడి మొహం చూడలేదు," అంది సోనున్. ఆమె గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "పెట్టె తెరుద్దామంటే మీరే వద్దన్నారు. లోపల ఎవరున్నారో మీలో ఎవరైనా చూశారా? వేరే ఎవరి బిడ్డనో పంపించి ఉంటారు. వాడు ఆస్పత్రిలో ఉన్నాడు. ఏడాదిగా ఉన్నాడు. నేనిక్కడ వాడి పేరున గుర్రాన్ని కోసి అందరికీ వడ్డిస్తున్నా."

ఆమె మొహంలో వచ్చిన వెలుగు చూసి జనం తలలు దించుకున్నారు. సాతార్ పెద్దాయన గడ్డం నిమురుకుని, "సోనున్, ఒకాయన దగ్గర..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఒకే చావును రెండోసారి చెప్పడానికి ఆ దేశంలో ఎవరి దగ్గరా కథ లేదు.

బురుల్ లేచి నిలబడింది. ఊళ్లో ఎవరూ చెయ్యని పని చేసింది. మొహాన కొట్టినట్టే చెప్పింది.

"అక్కా, అది మెదెర్ కాదు. మెదెర్ చనిపోయాడు."

"నీకెలా తెలుసు?"

"వాడి తాళంచెవి పోయింది నా దగ్గరే కాబట్టి తెలుసు. దొంగ వాడి పేజీలో దూరి కూర్చున్నాడు. ఆ రాసింది దొంగ."

"ఎప్పుడు పోయింది?"

"రాయికి ఫొటో బాగుచేసిన రోజు. ఆ ప్రోగ్రాంలోనే వచ్చాడు."

సోనున్ ఫోను వైపు చూసింది, బురుల్ వైపు చూసింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"నీ ఇంట్లో సంవత్సరీకం పెట్టుకుని..." అని బురుల్ ఆగింది. ఆ మాట మూడు రోజులుగా ఆమెకు కొండంత సబబుగా కనిపించింది. ఇప్పుడు పైకి అనేసరికి పిప్పిలా ఉంది.

"నా బిడ్డ గొంతు ఉందా?" అని సోనున్ అడిగింది.

బురుల్ ఇస్కాక్ వైపు చూసింది. ఇస్కాక్ తల అడ్డంగా ఊపి, దొంగ ఈపాటికి పాస్‌వర్డ్ మార్చేసి ఉంటాడు, ఇక మనకు లోపలికి దారి లేదు అన్నాడు. ఆ పక్కనే మెదెర్ స్నేహితులు కోపం పట్టలేక ఇది దొంగపేజీ అని ఒకరి తర్వాత ఒకరు ఫిర్యాదు కొడుతున్నారు.

సోనున్ ఫోనును ఆ పిల్లకు తిరిగి ఇచ్చేసింది. ఆ వెలుగు ఆమె మొహంలోంచి ఎప్పుడు పోయిందో ఎవరూ చూడలేదు.

"మాంసం చల్లారిపోతోంది. అందరికీ పెట్టండి," అంది.

బంతులు పూర్తయ్యాయి. అతిథులు ఇంటికి పట్టుకెళ్లాల్సిన మాంసం వాటాలు ఇచ్చి పంపించింది. ఒక్క మర్యాద తప్పలేదు. బురుల్ వాటా కూడా గుడ్డలో కట్టి ఇంకొకరి చేత ఇప్పించింది.

ఫిర్యాదులకు ఆ పేజీ మర్నాటికల్లా మూతపడింది. దొంగ పోయాడు, పేజీతోపాటు మెదెర్ కూడా పోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బురుల్ ఇస్కాక్‌ను కూర్చోబెట్టి ఆ కంపెనీకి రాయించింది. మరణపత్రం పంపింది, తల్లి బతిమాలుతోందని రాసింది. జవాబు వచ్చింది. పేజీ తిరిగి కావాలంటే యజమాని స్వయంగా తన ముఖం చూపించి అడగాలట. బురుల్ ఆ జవాబు చదివి, మెదెర్ ముఖం రాయి మీద ఎంత బాగా వచ్చిందో గుర్తుచేసుకుని, కంప్యూటర్ ఆపేసింది.

పద్ధతి ప్రకారం సోనున్ ఇంటికి వెళ్లింది. సోనున్ లోపలికి రమ్మంది, టీ పోసింది, రొట్టె విరిచి ముందు పెట్టింది. ఒక్క మాట మాట్లాడలేదు. బురుల్ క్షమించమని అడగడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఆ టీతో మింగి వచ్చేసింది. ఇంకోసారి వెళ్లింది, అంతే జరిగింది. దారి పక్కన చేపల తీగ కింద సోనున్ గాలిలో నిలబడి ఉంటే బురుల్ దూరంనుంచి చూసి పక్కదారి పట్టేది.

కొట్టు నడుస్తూనే ఉంది. జనం మామూలుగానే వస్తున్నారు, పాస్‌వర్డ్ నీ దగ్గరే ఉంచక్కా అని మామూలుగానే అంటున్నారు. బురుల్ మాత్రం జీవితంలో మొదటిసారి అమానతు పుచ్చుకోనంది. మీ ఫోనులో మీరే పెట్టుకోండి, ఎలా పెట్టుకోవాలో నేర్పుతాను అంది. ఓపిగ్గా నేర్పింది కూడా. గొప్పదైపోయిందిరా, ఇప్పుడు మన తాళాలు పనికిరావు ఆవిడకి, అని బజారులో కొందరు అనుకున్నారు. ఆమె విని ఊరుకుంది. బ్రౌజర్ ఇప్పటికీ గుర్తుంచుకోమంటారా అని మర్యాదగా అడుగుతూనే ఉండేది. ఆ మర్యాద చూస్తే ఆమెకు ఒళ్లు మండేది.

మొదటి మంచు పడ్డాక ఒక శుక్రవారం మధ్యాహ్నం తలుపు తెరుచుకుంది. గాలితోపాటు వేడి నూనె వాసన లోపలికి వచ్చింది. సోనున్ చేతిలో గుడ్డమూట ఉంది. తాళంచెవుల గుత్తిని కాలితో జరిపి తలుపుకు అడ్డం పెట్టి, వచ్చి ఎప్పుడూ కూర్చునే స్టూలు మీద కూర్చుంది. మూట విప్పి పిండిముక్కలు బల్ల మీద పోసింది. నల్లగా ఆరిపోయి ఉన్న తెర వైపు చూసింది.

"నిన్ను క్షమించాననుకోకు," అంది.

"అనుకోనక్కా."

"రాయి దగ్గరికి వెళ్లొస్తున్నా. బాగున్నాడు వాడు. నన్నే చూస్తాడు. ఎంతసేపు కూర్చున్నా మాట్లాడడు."

బురుల్ టీ పోసి ఆమె ముందు పెట్టింది.

"ఏడాది పొడుగునా వారం వారం నా పక్కన కూర్చుని నువ్వూ విన్నావు," అంది సోనున్.

"విన్నా."

"నాకు రాను రాను చెదిరిపోతున్నాయి. ఒకదాని మాట ఇంకోదాంట్లో కలిసిపోతోంది. రాత్రి ఒకటి మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయా." సోనున్ ఇక బురుల్ వైపు చూడలేదు, చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. "నీకు గుర్తుంటాయి. రేవులో ఎవరి చెవి ఎవరి దగ్గరుందో చెప్పేదానివి. చెప్పు. ఆ మంచు పడిన రోజుది చెప్పు."

బురుల్ ఒక గుక్క టీ తాగింది. ఏ ఫొటో బాగుచెయ్యడానికీ పడనంత శ్రమ పడి, ఒక్కో మాటనూ వెతికి తీసుకుంటూ మొదలుపెట్టింది.

"అమ్మా, ఇక్కడ మంచు పడుతోంది. మన దగ్గర పడినట్టు కాదు, తడిమంచు. నేను బాగానే తింటున్నా. నువ్వు అడుగుతావని ముందే చెప్తున్నా. చేపల దగ్గర మరీ ఎక్కువసేపు నిలబడకు, మేజోళ్లు రెండు జతలు వేసుకో, ఇక్కడ మావాడొకడు..."

"ఆగు," అంది సోనున్ కళ్లు తెరవకుండానే. "మేజోళ్ల తర్వాత దగ్గుతాడు."

బురుల్ దగ్గింది. తర్వాత మిగిలింది చెప్పింది.